ముప్ఫైకీ యాభైకీ మధ్య చిక్కిన బండ్లు

కృష్ణా డెల్టా దిగువన గొడ్లు తగ్గిపోయినా గొడ్లచావిళ్ళు ఇంకా ఉన్నాయి. ట్రాక్టర్లూ వరికోత మిషన్లూ వచ్చాక ఖాళీ అయిన ఆ చావిళ్ళలోకి ఎరువుల కట్టలు, విరిగిన నవారు మంచం, మూలపడ్డ స్ప్రేయరు చేరాయి. చల్లపల్లి నుంచి కోడూరు దాకా ఎన్నో ఇళ్ళలో వాటి వెనక గోనెపట్టా కప్పిన మోటారు సైకిల్ ఒకటి గోడకు చేరగిలబడి ఉంటుంది. పట్టా తీస్తే అది రాజ్‌దూత్ కావచ్చు, యెజ్డీ కావచ్చు, ఇంటివాళ్ళ అదృష్టం బాగుంటే యమహా ఆర్‌ఎక్స్ 100 కావచ్చు. తాతో తండ్రో ధాన్యం డబ్బులతో కొన్న బండి. పాత ఇనుము కొనేవాడు దాన్ని కిలోల లెక్కన అడుగుతాడు. అదే బండిని ఇంజను దించి, బోరు చేయించి, రంగేసి నిలబెడితే లక్ష రూపాయల మాట వినిపిస్తుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

ఈ తేడా కుర్రాళ్ళకు తెలిసిపోయింది. 2018లో అజయ్ భూపతి తీసిన ‘ఆర్‌ఎక్స్ 100’ సినిమా వచ్చాక మరీను. బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో ఇంటి పంచలోనే బండి విప్పుకుని కూర్చునేవాళ్ళు కనిపిస్తున్నారు. పిస్టన్ కిట్టు విజయవాడ ఆటోనగర్ నుంచి వస్తుంది, బోరు పని దగ్గర్లోని లేత్ షాపులో అవుతుంది, మిగతాదంతా ఫోనులో వీడియో చూస్తూ ఇంట్లోనే నడుస్తుంది. పప్పు గిన్నెలో గేరాయిల్ పట్టాడని అమ్మ పెట్టే కేకలు అదనం. సెల్లు వదలరని మనం తిట్టే పిల్లలే ఇలా చేతులు నల్లగా చేసుకుంటుంటే సంతోషించాల్సిందే. కాకపోతే ఈ పనిలో రెండు రకాలున్నాయి. బండిని బాగుచేయడం ఒకటి, బండిని మార్చేయడం ఒకటి. కుర్రాళ్ళు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. చట్టం కూడా వాటిని సరిగా విడదీయడం లేదు. ఈ కలగాపులగంలో నష్టపోతున్నది అసలు రూపంలో మిగిలిన కాసిని బండ్లు.

ఈ బండ్లు ఏ కాలానివో ఒకసారి చూడాలి. ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్ 175 అరవైల తొలినాళ్ళది. పోలెండ్‌లో తయారైన ఎస్‌హెచ్‌ఎల్ అనే బండి దానికి మూలం. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో జావాల తయారీ మొదలుపెట్టి, 1973 నుంచి యెజ్డీ పేరుతో అమ్మి, 1996లో మూతపడింది. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డయ్యే ఏర్పాటు ఆ బండ్ల ప్రత్యేకత. కొత్తగా చూసినవాళ్ళు కిక్కు రాడ్డు ఎక్కడుందో వెతుక్కుంటూ బండి చుట్టూ తిరుగుతారు. ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985లో, ఆగిపోయింది 1996లో. 98 సీసీలో 11 హార్స్‌పవర్ తీసిన ఆ టూస్ట్రోక్ ఇంజనుకు ముందు కాలుష్య నిబంధనలు అడ్డొచ్చాయి, వెనక నుంచి మైలేజీ చెప్పే ఫోర్‌స్ట్రోక్ బండ్లు తరుముకొచ్చాయి. తొంభైల్లో ఎన్‌ఫీల్డ్ అమ్మిన డీజిల్ బుల్లెట్‌ది ఇంకో కథ. అందులో ఉన్నది 325 సీసీ గ్రీవ్స్ లొంబార్డిని ఇంజను. పొలాల్లో నీటి పంపులకు వాడిన రకం ఇంజనే కాబట్టి, షోరూం మొహం చూడకుండానే ఊళ్ళో పంపుసెట్లు బాగుచేసే మనిషి దాన్ని విప్పి బిగించేవాడు. వేగం లేదు, మోత జాస్తి, లీటరు డీజిల్‌కు డెబ్బై కిలోమీటర్ల పైమాటే. రైతుకు ఇంకేం కావాలి?

అసలు బండిని మార్చుకోవడం ఈ నేలకు కొత్త విద్య కూడా కాదు. పాల క్యాన్లు రెండు పక్కలా వేలాడేలా ఇనప చట్రం వెల్డింగ్ చేయించడం, రొయ్యల మేత బస్తాలకూ ఐసుపెట్టెకూ తగ్గట్టు వెనక స్టాండు పెంచడం, వానాకాలం నల్లమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుపోయి చక్రం తిరక్కపోతే ముందు మడ్‌గార్డును రెండంగుళాలు ఎత్తి బిగించడం, ఇవన్నీ ఎవరూ కస్టమైజేషన్ అని పేరు పెట్టకుండానే జరిగాయి. అవసరం చెప్పినట్టు బండి మారింది. ఇప్పుడు ఫోటో చెప్పినట్టు మారుతోంది. ముందుగా పీకేసేది సారీగార్డు, ఆ తర్వాత వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకునే హ్యాండిల్. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఈ రెంటినీ తప్పనిసరి చేసింది, వెనక చక్రం కనీసం సగం దాకా కప్పి ఉండాలంది. చీర కొంగు, చున్నీ చువ్వల్లో చుట్టుకుని ఆడవాళ్ళు పడిపోయిన ప్రమాదాల గురించి వినని ఊరు లేదు. అమ్మనూ చెల్లినీ వెనక ఎక్కించుకుని మోపిదేవి గుడికి వెళ్ళాల్సిన బండికి సారీగార్డు అందం కాదని తీసేసేవాణ్ణి మోడిఫయర్ అనడం ఎందుకో అర్థం కాదు.

రెండోది సైలెన్సర్. అందులోని జాలీ పీకేస్తే పికప్ పెరుగుతుందన్న నమ్మకం గుడివాడ నుంచి నాగాయలంక దాకా గట్టిగా పాతుకుపోయింది. టూస్ట్రోక్ బండి విషయంలో ఇది శుద్ధ తప్పు. ఈ ఇంజనులో పొగదారికి వాల్వు ఉండదు. పొగ బయటికి పోయే రంధ్రం తెరిచి ఉండగానే కొత్త పెట్రోలు మిశ్రమం లోపలికి వస్తుంది, అందులో కొంత పొగతో పాటే బయటికి జారిపోతుంది. సైలెన్సర్ గొట్టాన్ని మధ్యలో వెడల్పు చేసి, చివర ఇరుకు చేసి కట్టడంలో మర్మం అక్కడుంది. బయటికి దూకిన పొగ వెంట ఒక పీడన తరంగం పోయి, ఆ ఇరుకు చోట తగిలి వెనక్కి వచ్చి, జారిపోతున్న మిశ్రమాన్ని రంధ్రం మూసుకునేలోపు సిలిండర్లోకి తిరిగి నెట్టేస్తుంది. అంటే సైలెన్సర్ కూడా ఇంజనులో భాగమే. దాన్ని కోస్తే మోత పెరుగుతుంది, పెట్రోలు వృథా అవుతుంది, కింది వేగాల్లో లాగుడు తగ్గుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు. మన దేశంలో మోటారు సైకిళ్ళ శబ్దానికి 80 నుంచి 175 సీసీ దాకా 77 డెసిబుళ్ళు, ఆపైన 80 డెసిబుళ్ళు హద్దు. దాటితే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు కూడా ఉండొచ్చు. రాష్ట్రంలో పలు పట్టణాల పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు. ఆ పనికి అభ్యంతరం చెప్పాల్సిన పనిలేదు. ఆసుపత్రి వీధిలో అర్ధరాత్రి టపాసుల్లా పేల్చుకుంటూ పోయేవాడికి వారసత్వం, అభిరుచి లాంటి పెద్దమాటలు అడ్డం వేయకూడదు.

ఇక నిజమైన పని దగ్గరికి వస్తే, ఈ ప్రాంతంలో బండికి మొదటి శత్రువు ఉప్పుగాలి. ఎదురుమొండి దీవుల వాళ్ళు బండిని పంటు మీద ఎక్కించి తీసుకెళ్తారు. ప్రతి దాటుడుకూ అది ఉప్పునీటి తుంపర్లలో తడుస్తుంది. బందరు సముద్రం ఒడ్డున ఉండే ఇళ్ళలో చావిట్లో పెట్టినా లాభం లేదు. మెరిసే క్రోమియం పూత జుట్టు మందం కూడా ఉండదు, దాని కింద నికెల్ పొర ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పూతలోని సూది బెజ్జాల్లోంచి దిగి ఇనుమును పట్టుకుంటుంది. పైకి నాలుగు మచ్చలు కనిపించేసరికి మడ్‌గార్డు లోపలి అంచు పెంకులుగా రాలిపోతూ ఉంటుంది.

ఈ తుప్పును వదిలించే పద్ధతి ఒకటుంది, అది చూస్తే బందరు వాళ్ళకు నవ్వొస్తుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి బట్టల సోడా కలుపుతారు. తుప్పు పట్టిన భాగాన్ని అందులో వేలాడదీసి బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ వైరు తగిలిస్తారు. పాజిటివ్ వైరుకు ఒక పాత ఇనప కడ్డీ కట్టి, రెండూ తగలకుండా ఎడంగా ముంచుతారు. కాసేపటికి తుప్పు పట్టిన వస్తువు చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి, నీళ్ళ మీద గోధుమరంగు నురగ తేలుతుంది. ఒక రాత్రి వదిలేస్తే ఎర్రతుప్పు నల్లని పొడిగా మారి బ్రష్షుకు ఊడి వస్తుంది, మంచి ఇనుము అలాగే మిగులుతుంది. చిలకలపూడి బంగారం అని పేరుపడ్డ రోల్డ్‌గోల్డ్ నగలకు పూత వేసే తొట్టిలోనూ వస్తువును నెగెటివ్ వైపే కడతారు. పోతేపల్లి జ్యూయలరీ పార్కులో రోజూ సాగే విద్యకు ఇది తమ్ముడు. కడ్డీ బదులు స్టీలు చెంచా వాడకూడదు, అందులోని క్రోమియం విషమై నీళ్ళలో కలుస్తుంది. అల్యూమినియం భాగాలు వేస్తే తినేస్తుంది. స్ప్రింగులు వేస్తే పెళుసెక్కుతాయి. లేచే బుడగలు హైడ్రోజన్, కాబట్టి బీడీ వెలిగించే మామయ్యను ఆ పక్కకు రానివ్వకూడదు. తీసిన వస్తువును వెంటనే తుడిచి ఆరబెట్టి ప్రైమర్ కొట్టకపోతే బందరు గాలికి అది పూట తిరక్కుండానే మళ్ళీ ఎర్రబారుతుంది.

ఇంతకన్నా ప్రమాదమైనవీ ఇంట్లోనే జరిగిపోతున్నాయి. చిల్లుపడ్డ పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని గ్యాస్ వెల్డింగ్‌కు పట్టుకెళ్తారు. పేలేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. ఖాళీ ట్యాంకులో అదే నిండా ఉంటుంది. కడిగి, ఆరబెట్టి, వెల్డింగ్ చేసే చోటు తప్ప మిగతా అంతా నీళ్ళతో నింపి పనిచేయించే పాతకాలపు మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. అలాంటివాళ్ళను వెతుక్కోవాలి. హార్డెనర్ కలిపిన కారు రంగు పడకగది పక్క వసారాలో స్ప్రే చేయడం కూడా అంతే. ఆ తుంపర ఊపిరితిత్తుల్లో మొండి ఉబ్బసం తెచ్చిపెట్టగలదు, ముక్కుకు రుమాలు కట్టుకుంటే ఆగేది కాదు.

మెచ్చుకోవాల్సిన మార్పులూ లేకపోలేదు. రాజ్‌దూత్‌లూ జావాలూ ఆరు వోల్టుల బండ్లు. వాటి హెడ్‌లైట్ వెలుతురులో రాత్రి పూట కరకట్ట మీద పోవడమంటే దేవుడి మీద భారం వేయడమే. వైరింగు మార్చి పన్నెండు వోల్టులు చేయించుకుంటే లైటూ హారనూ ఇండికేటర్లూ పనిచేస్తాయి. పాత వైరింగు దాచిపెట్టుకుంటే ఎప్పుడైనా మళ్ళీ బిగించుకోవచ్చు. బాగుచేయడానికీ పాడుచేయడానికీ గీత ఇక్కడే గీయాలి. వెనక్కి తిప్పుకోగలిగిన మార్పు ఏదైనా సరే, బండికి నష్టం లేదు. సీటు చిన్నది చేయాలని చాసిస్ వెనక భాగం గ్రైండర్‌తో కోసేస్తే మాత్రం ఆ బండి కథ అక్కడితో అయిపోయినట్టే. హైదరాబాద్‌లో ఐమోర్ కస్టమ్స్ లాంటి సంస్థలు బుల్లెట్లను ఆనవాలు పట్టలేనట్టు మార్చి పేరు తెచ్చుకున్నాయి. వాళ్ళ పనితనాన్ని కాదనలేం. ఈనాటికీ వేలల్లో తయారవుతున్న బుల్లెట్ మీద ఆ ప్రయోగం చేయడం వేరు, 1996 తర్వాత ఒక్కటి కూడా కొత్తది రాని ఆర్‌ఎక్స్ 100 మీద చేయడం వేరు.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ అంది. చాసిస్ కోసినవాడికి ఇది తగిందే. కానీ బందరులో కంపెనీ సామాను దొరక్క వేరే కార్బొరేటర్ పెట్టుకుని బండిని బతికించుకున్నవాడూ, కనబడని లైటు తీసి కనబడే లైటు పెట్టుకున్నవాడూ దాన్ని చదివి భయపడుతున్నారు. ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్న పట్టిక తెలుగులో ఒక్క పేజీ వేసి రవాణా కార్యాలయం గోడకు అతికించినా చాలావరకు ఈ భయం పోతుంది.

పాతబండ్లను కాపాడే నిబంధనలు అసలు లేవనడానికి లేదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండి, చాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్ళకు చెల్లుతుంది. ఆ బండిని ప్రదర్శనకో ర్యాలీకో పెట్రోలుకో రిపేరుకో తీయవచ్చు గానీ రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. బంగళాల్లో కార్లున్న జమీందారీ కుటుంబాలకు బాగానే కుదిరే నిబంధన ఇది. చావిట్లో రాజ్‌దూత్ ఉన్న మొవ్వ రైతుకు దీనితో ఒరిగేదేమిటి? ఇరవై వేలు అతని బండిని పాతసామాన్ల వాడు అడిగే ధర కన్నా ఎక్కువ.

ఇంకోవైపు రెన్యువల్ ఫీజు చూడండి. పదిహేనేళ్ళు దాటిన టూవీలర్‌కు 300 ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి వెయ్యి అయింది. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్ళు దాటినవాటికి 2,000 చేశారు. పొగ కక్కే బండ్లను రోడ్డు మీద నుంచి తప్పించాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. టూస్ట్రోక్ పొగ మంచిది కాదు, ఎంత ముచ్చటపడ్డా అది నిజం. అయితే ఏడాదికి ఐదారువందల కిలోమీటర్లు కూడా తిరగని బండినీ, రోజూ విజయవాడ వెళ్ళొచ్చే బండినీ ఒకే గాటన కట్టి వయసు చూసి ఫీజు వేస్తే అది కాలుష్యానికి వేసిన పన్ను అవదు. జర్మనీలో 30 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బండికి ‘హెచ్’ అక్షరంతో నంబరు ఇచ్చి రోడ్డు మీద తిరగనిస్తారు. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటి పెద్ద మార్పులు లేని బండికి రోడ్డు పన్నూ ఉండదు, ఏటేటా చేసే తనిఖీ కూడా ఉండదు. అక్కడ పాతబండికి దక్కేది రాయితీ, ఇక్కడ దక్కేది జరిమానా లాంటి ఫీజు.

పెట్రోలు సంగతి కూడా కలుపుకోవాలి. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దిక్కయింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు అడుగున తుప్పు, కార్బొరేటర్ జెట్‌లో జిగురు చేరతాయి. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే ఒప్పుకుంది. చెరుకూ ధాన్యమూ అమ్ముకునే డెల్టా రైతుకు ఇథనాల్ లాభమేనని లెక్కలు చెబుతారు, నిజమే కావచ్చు. అతని చావిట్లో బండికి మాత్రం ట్యాంకు ఆరబెట్టి పెట్టడం, గొట్టాలు మార్చడం తప్పదు.

2024 సెప్టెంబరు తొలినాళ్ళలో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు వేల టూవీలర్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చి దివిసీమ లంకలనూ తాకింది. కంప్యూటర్ పెట్టె తడిసిన కొత్త బండి షోరూం ముందు వరసలో నిలబడాలి. కార్బొరేటర్ బండి అయితే ప్లగ్గు తీసి, నీళ్ళు వంపి, ఆయిల్ మార్చి, మాగ్నెటో ఆరబెట్టి ఇంటి దగ్గరే కిక్కు కొట్టి చూడొచ్చు. తుఫాన్లు మొదట తాకే ఈ తీరంలో ఆ పని తెలిసిన చేతులు ఊరికి రెండైనా ఉండటం విలాసం కాదు. బందరులో 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకాలతో పాటు చేతిపనులూ నేర్పింది. అలాంటి ఊళ్ళోనూ గుడివాడ చుట్టుపక్కలా ఉన్న ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఒక పాత మోటారు సైకిల్‌ను పూర్తిగా విప్పి బిగించడాన్ని ప్రాజెక్టుగా ఎందుకు ఇవ్వకూడదు? సామాను ఖర్చు ఇంటివాళ్ళు పెట్టుకుంటారు, విద్యార్థికి పని వస్తుంది, బండికి బతుకు వస్తుంది.

కాగితాల చిక్కు ఒకటి మిగిలింది. చావిట్లో ఉన్న బండ్లలో చాలావాటి ఆర్‌సీ చనిపోయిన తండ్రి పేరునే ఉంటుంది. యజమాని పోయిన తర్వాత వారసుడు మూడు నెలల్లో ఫారం 31తో దరఖాస్తు పెట్టుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో రాజ్‌దూత్ ఆర్‌సీ ఎవరికి గుర్తుంటుంది? ఇరవయ్యేళ్ళ తర్వాత మనవడు బండి దులిపేసరికి ఆలస్య రుసుములు, దొరకని వారసత్వ పత్రాలు, ఒప్పుకోని బాబాయిలు. అసలు చాసిస్, ఇంజను నంబర్లు సరిపోయే బండ్లకు జిల్లా రవాణా అధికారులు ఏడాదికి ఒకటి రెండు శిబిరాలు పెట్టి పేరు మారిస్తే దొంగబండ్లూ బయటపడతాయి, మంచి బండ్లూ బయటికొస్తాయి.

1986లో రిజిస్టరైన ఆర్‌ఎక్స్ 100 ఒకటి ఉందనుకోండి. మొదటి పదిహేనేళ్ళు 2001లో అయిపోయాయి. అప్పటి నుంచి ఐదేళ్ళకోసారి రెన్యువల్. 2026లో రెండు వేలు, 2031లో రెండు వేలు. 2036లో యాభై నిండుతాయి. ఇరవై వేలు కట్టి వింటేజ్ నంబరు తీసుకుంటే పామర్రు దాకా వెళ్ళి ఎరువుల కట్ట తెచ్చుకోవడానికి వీల్లేదు. తీసుకోకపోతే మళ్ళీ అదే రెన్యువల్. ఈ రెంటి మధ్య మూడో దారి వేయడానికి పార్లమెంటులో చట్టం మార్చే పని కూడా లేదు. వింటేజ్ నిబంధనలు వచ్చింది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణతోనే. ముప్ఫై ఏళ్ళు దాటి, అసలు చాసిస్‌తో, అసలు సైలెన్సర్‌తో, సారీగార్డుతో సహా నిలబడ్డ బండికి తక్కువ ఫీజుతో రోడ్డు మీద తిరిగే హక్కు ఇస్తూ అందులోనే ఇంకో నాలుగు పేరాలు చేర్చవచ్చు.